వాల్వు సెట్టు కోసం చదివినవి

గిటారు వాయించేవాళ్ళు అప్పుడప్పుడు నన్ను ఒకటే అడుగుతారు. వాల్వు ఆంప్లిఫయర్ తయారుచేయడం, బాగుచేయడం నేర్చుకోవాలంటే ఏ పుస్తకాలు చదవాలి అని. ఫోనులో అడిగితే నేను చెప్పలేను. కొత్తవాళ్ళ గొంతు వినగానే నాకు మాట తడబడుతుంది. మెసేజ్ పెట్టండి అంటాను. వాళ్ళు పెడతారు, నేను జవాబు మొదలుపెడతాను, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతాను. ఎందుకంటే అన్నిటికంటే ముందు చదవవలసిన పుస్తకానికి అట్ట లేదు. మొదటి పేజీలు కూడా లేవు. దాని పేరేమిటో, రాసిందెవరో నాకు తెలియదు.

అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాస్తున్నాను.

ఆ పుస్తకం మా నాన్న షెడ్డులో ఉండేది. కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్ల వెనక మాది కిరాయి ఇల్లు. ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు, అందులో నాన్న మైక్ సెట్ షాపు. పెళ్ళిళ్ళకు, మీటింగులకు, పండగలకు, చావులకు ఆయన సెట్టు వెళ్ళేది. సెట్లు అద్దెకు ఇవ్వడం ఆయన బతుకుతెరువు. బాగుచేయడం ఆయనకు ఇష్టం. అందులోనూ వాల్వు సెట్లంటే మరీ ఇష్టం. వాల్వు అంటే గాజు బుడ్డి. లోపల సన్నటి తీగ ఎర్రగా వెలుగుతుంది, దాని చుట్టూ నల్లటి రేకు ఉంటుంది, భారం ఎక్కువైతే ఆ రేకు ఎర్రబడి వాల్వు మాడిపోతుంది. ఇప్పటి సెట్లలో గోరంత చిప్పు చేసే పనిని పూర్వం ఈ బుడ్లు చేసేవి. ఇప్పుడు వాటిని ఎవరూ వాడరు, గిటారు వాయించేవాళ్ళు తప్ప.

నాన్న పనిచేస్తుంటే నేను చిన్నప్పుడు చూసేదాన్ని. చూడడమే, ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆయన ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి లుంగీ మడతలో దోపుకునేవాడు, కుడి చేత్తోనే పనంతా చేసేవాడు. వాల్వు సెట్టులో కరెంటు గోడలో ఉన్నదానికంటే చాలా ఎక్కువ ఉంటుంది. స్విచ్చి ఆపినా కండెన్సర్లలో కొంతసేపు అలాగే నిలిచి ఉంటుంది. రెండు చేతులూ లోపల పెట్టి పొరపాటున తగిలితే అది ఒక చేతిలో ఎక్కి గుండె మీదుగా రెండో చేతికి దిగుతుంది. అందుకని ఒక్క చెయ్యి. ఇది నాకు ఆయన చెప్పలేదు, తరవాత చదివి తెలుసుకున్నాను. ఆయన గుండె మాత్రం కరెంటుతో ఆగలేదు. వానాకాలంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఒరిగాడు, దవాఖానాకు తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

తరవాతి రోజుల గురించి చెప్పడానికి ఏమీ లేదు. వాన పడేది. చుట్టాలు వచ్చి కూర్చునేవాళ్ళు. అందరూ నా తల నిమిరి, ఏడిస్తే మంచిది బిడ్డా అనేవాళ్ళు. నాకు ఏడుపు రాలేదు. ఆపుకున్నది కాదు, అసలు రాలేదు. నాకు డైరీ రాసే అలవాటు ఉంది, హైస్కూలు నుంచి ఏ రోజూ తప్పలేదు. ఆ నెలల్లో రాసినవి చూస్తే ఒక్కొక్క పేజీలో ఒక్కొక్క వరుస. వాన. చింతపండు చారు. అమ్మ నిద్రపోయింది. నేను డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివాను, నవలలు చదవకపోతే నిద్ర పట్టేది కాదు. ఆ రోజుల్లో నవల తెరిస్తే అందులో మనుషులు మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు, ఎవరి మాటా నాకు ఎక్కేది కాదు. పేజీ చివరకు వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళేదాన్ని. కొన్నాళ్ళకు అదీ మానేశాను.

పెద్దకర్మ అయిపోయాక ఒక రోజు ములకలపల్లి అవతలి నుంచి ఇద్దరు మనుషులు ట్రాలీ ఆటోలో వచ్చారు. ఒకరు అడవి అంచున ఒక ఊళ్ళో చిన్న చర్చికి పాస్టరు గారు. రెండో ఆయన ఆ చర్చిలో గిటారు వాయిస్తాడు. పామాయిల్ గెలలు ఫ్యాక్టరీకి తోలే ట్రాక్టరు నడుపుతాడు. నాన్నను అన్నా అని పిలిచేవాడు, నేను ఆయన్ను కాకా అంటాను. వాళ్ళ చర్చిలో ఒక పాత వాల్వు గిటారు బాక్సు, అంటే గిటారు చప్పుడు పెంచే ఆంప్లిఫయర్, ఉంది. ఎప్పుడో ఇక్కడ నర్సుగా పనిచేసిన ఒక దొరసాని తన దేశం వెళ్ళిపోతూ వదిలిపెట్టిందట. నేను చిన్నగా ఉన్నప్పటి నుంచీ ఆ బాక్సుకు ఏం వచ్చినా నాన్నే చూసేవాడు. అప్పటికి అది మా షెడ్డులో మూలన ఉంది, లోపల వాల్వులు మాడిపోయి. నాన్న దాన్ని విప్పేలోపే పోయాడు.

బాక్సు తీసుకుపోదామని వచ్చారు. పాస్టరు గారు కాసేపు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, నాన్న మంచితనం గురించి నాలుగు మాటలు చెప్పారు. అమ్మ టీ ఇచ్చింది. కాక టీ తాగుతూ బాక్సు వైపు చూసి నవ్వినట్టు ముఖం పెట్టాడు.

"మూడుసార్లు కొత్త వాల్వులు ఏయిచ్చినం వదినె. మూడుసార్లు మాడినయ్. ఇక్కడ మంచిగ మోగుతది, ఊళ్ళెకు పోంగనే జరమొచ్చినట్టు కాలుతది. అన్న చెయ్యే గట్లున్నదో, పెట్టిన వాల్వులే గసోంటియో. ఇప్పుడు అనుకొని ఏం లాభం."

పాస్టరు గారు ఆయన మోకాలి మీద చెయ్యి వేశారు. అంతటితో ఆపమని. కాక ఆపాడు. కానీ మాట వచ్చేసింది. వాల్వులు ఇప్పుడు ఎక్కడా దొరకవు, ఊరి వాళ్ళందరూ చందా వేసుకుంటే నాన్న ఎక్కడెక్కడి నుంచో తెప్పించి వేశాడు. మంచివి తన దగ్గర ఉంచుకుని పాతవి పెట్టాడని ఆ ఊళ్ళో ఎవరో అనుకుంటున్నారు. ఎవరో కాదు, చాలామందే అనుకుంటున్నారని కాక ముఖం చూస్తే తెలిసింది.

అమ్మ లేచింది. వాళ్ళ ముందు నుంచి గ్లాసులు తీసి పెరట్లోకి వెళ్ళింది. కడుగుతున్న చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది. రెండు గ్లాసులకు అంతసేపు పట్టదు.

అప్పుడు నేను, "ఉంచండి. నేను చూస్త" అన్నాను. ఎందుకు అన్నానో ఆలోచించి అన్నది కాదు. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

"నువ్వేం చదివినవ్ బిడ్డా?" అన్నాడు కాక.

"తెలుగు."

"తెలుగా. అయితే బాక్సు ముంగట కూసోని పద్యం చదువుతవా ఏంది?"

పాస్టరు గారు నవ్వు ఆపుకుని, క్రిస్మస్ దాకా ఉండనీ, మాకేం తొందర లేదు అన్నారు. ట్రాలీ ఖాళీగా వెళ్ళిపోయింది. అమ్మ పెరట్లో నుంచి వచ్చి, షెడ్డు తాళంచెవి నా ముందు పెట్టి లోపలికి వెళ్ళింది.

ఆ రోజు నుంచి నేను చదివిన వాటి గురించి ఇప్పుడు చెబుతాను.

మొదటిది ఆ అట్ట లేని పుస్తకం. తెలుగులో రేడియో రిపేరు నేర్పే పుస్తకం, పాత అచ్చు, కాగితం బెల్లం రంగుకు తిరిగింది. సోల్డరింగ్ పేస్టు వాసన వేస్తుంది. రాసినాయన ఎవరోగానీ ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు రాశాడు. మన చేతికి వచ్చిన పుస్తకం ఒక వాక్యం మధ్యలో మొదలవుతుంది. మిగిలిన ఆ మొదటి పేజీ మొత్తం గోడలో ఉన్న ప్లగ్గు గురించే. సెట్టు విప్పేముందు అది ఉండే ఇంటికి వెళ్ళి అక్కడి కరెంటు ఎంత వస్తుందో చూసి రమ్మంటాడు. నాకు ఆ పేజీ విసుగ్గా అనిపించింది. సెట్టు గురించి చెప్పకుండా గోడ గురించి చెబుతాడేమిటి అనుకుని దాటేశాను. మీరు దాటకండి.

రెండోది బడిలో చదివిన భౌతికశాస్త్రం పుస్తకం. పక్కింటి అమ్మాయి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. విద్యుత్తు పాఠం ఒక్కటే. అప్పట్లో పరీక్ష కోసం బట్టీ పట్టి మరిచిపోయిన ఓం నియమాన్ని మళ్ళీ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. చాలామంది ఈ మెట్టు వదిలేసి పెద్ద పుస్తకాలకు వెళతారు. వెళ్ళి అక్కడ మునిగిపోతారు. ఈ పాఠం అర్థమైతే వాల్వు సెట్టులో సగం అర్థమైనట్టే.

మూడోది వాల్వుల పట్టికల పుస్తకం, ఇంగ్లీషు. నాన్న దగ్గర ఉన్నది అదొక్కటే ఇంగ్లీషు పుస్తకం. అందులో చదవడానికి వాక్యాలే ఉండవు. ఒక్కొక్క వాల్వుకు ఒక బొమ్మ, కింద కాళ్ళ నంబర్లు, ఏ కాలికి ఏది, ఎంత వోల్టేజీ తట్టుకుంటుంది. నవల ఎక్కని ఆ రోజుల్లో నాకు ఎక్కిన పుస్తకం ఇది. ఇందులో ఎవరూ పుట్టరు, పోరు. పెద్ద వాల్వుకు మూడో కాలు ప్లేటు, అంటే ఆ నల్ల రేకు. అది ఎప్పుడూ ప్లేటే. పొద్దున లేచి ఇంటిపని అయ్యాక షెడ్డు గడపలో కూర్చుని ఈ పట్టికలు చూసేదాన్ని. డైరీలో వాన అని రాసే చోట కాళ్ళ నంబర్లు రాయడం మొదలుపెట్టాను. మనసు మొద్దుబారినప్పుడు ఏం చదవాలని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. బాధ తీరుతుందని కాదు. కళ్ళకు ఆనుకోవడానికి ఒక గోడ దొరుకుతుంది, అంతే.

నాలుగోది గిటారు బాక్సుల గురించే రాసిన ఇంగ్లీషు పుస్తకం. ఇంటర్నెట్‌లో చదువుకోవడానికి ఊరికే పెట్టారు, బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి స్పైరల్ వేయించాను. షాపు ఆయన, పోటీపరీక్ష పుస్తకమా అమ్మా అన్నాడు. అవును అన్నాను. మంచి పుస్తకం. చప్పుడు ఎక్కడ పుడుతుంది, ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ పాడవుతుంది అని వరసగా తీసుకెళుతుంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. కాకపోతే అది రాసినాయన ఇంట్లో గోడలోని కరెంటు ఎప్పుడూ ఒకేలా వస్తుంది. ఆ సంగతి ఆయన చెప్పడు, చెప్పాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు. మన దగ్గర ఆ పుస్తకం చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు.

అందులో ప్రమాదాల గురించిన అధ్యాయం ముందు చదవండి. అర్థమైందని అనిపించినా మళ్ళీ చదవండి. ఒంటరిగా ఎప్పుడూ పనిచేయవద్దని అందులో ఉంది. పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి చేతిలో ఎండిన కట్టె ఉండాలి. మా ఇంట్లో ఉన్న మనిషి అమ్మే. విషయం చెబితే ఆమె చాటలో బియ్యం పోసుకుని, చీపురు కర్ర ఒకటి తెచ్చుకుని, షెడ్డు గడపలో కూర్చుంది.

"ఈ కట్టెతోటి ఎక్కడ కొట్టాలె?" అంది.

"చేతి మీద. వైరు వదిలేటట్టు."

"గట్టిగనా?"

"గట్టిగ."

"మంచిదే. చిన్నప్పుడు కొట్టకపోతి" అని బియ్యంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. నాన్న పోయాక ఆమె మాటలో ఆ మాత్రం ఉప్పు తగలడం అదే మొదలు. నేను నవ్వాలి. నవ్వు రాలేదుగానీ, నవ్వవలసిన చోటు ఇది అని తెలిసింది.

లుంగీ లేదు కాబట్టి ఎడమ చేత్తో చున్నీ కొస పట్టుకుని వెనక్కి పెట్టుకునేదాన్ని. అలా పట్టుకుంటే చెయ్యి దానంతట అది ముందుకు రాదు. మొదట కండెన్సర్లలో నిలిచిన కరెంటును దింపడం, తరవాత ఒక్కొక్క భాగాన్ని మీటరు పెట్టి చూడడం, పుస్తకంతో సరిపోల్చడం. ఎండిపోయిన కండెన్సర్లు మార్చాను. బాక్సు లోపల అంతటా నాన్న చెయ్యి ఉంది. ఆయన వైరు అతికిన ప్రతిచోటా సైకిలు ట్యూబుకు గాలి కొట్టే చోట వేసే సన్నటి రబ్బరు గొట్టం ముక్క తొడిగేవాడు. బజారులో దొరికే ప్లాస్టిక్ తొడుగులు ఆయనకు నచ్చేవి కాదు. ఆ రబ్బరు కనిపించిన చోట నేను మీటరు పెట్టలేదు. నాన్న అతికింది కదా అని దాటుకుంటూ వెళ్ళాను.

నాన్న డబ్బాలో ఆ బాక్సుకు సరిపోయే పెద్ద వాల్వులు ఒక్క జతే మిగిలింది. పాత గుడ్డలో చుట్టి పెట్టాడు. చర్చి కోసం తెప్పించిన వాటిలోవే అవి. అంటే దాచుకున్నది ఏమైనా ఉంటే ఇదే, ఇదీ వాళ్ళదే. ఇవి కూడా మాడితే వాళ్ళ బాక్సు పాత సామాన్ల బండికే, దానితోపాటు ఆ మాట కూడా ఎప్పటికీ అలాగే మిగిలిపోతుంది.

వాల్వులు పెట్టి, మొదట సిరీస్ బల్బు ద్వారా కరెంటు ఇచ్చాను. రిపేరు చేసేవాళ్ళందరూ అలాగే ఇస్తారు. లోపల ఎక్కడైనా తప్పు ఉంటే సెట్టు కాలకుండా బల్బు వెలుగుతుంది. బల్బు మసకగానే వెలిగింది. తరవాత నేరుగా ఇచ్చాను. వాల్వులు సన్నగా వెలిగాయి, నల్ల రేకులు నల్లగానే ఉన్నాయి. గిటారు తగిలించే చోట వైరు కొస తాకిస్తే స్పీకరులోంచి మెత్తటి చప్పుడు వచ్చింది. మధ్యాహ్నం దాకా ఆపకుండా ఉంచాను. ఏమీ కాలేదు.

"అయిందా?" అంది అమ్మ.

"ఇక్కడ అయింది" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే ఆలోచించాను. ఇక్కడ ఎప్పుడూ అవుతూనే ఉంది. నాన్నకు కూడా ప్రతిసారీ ఇక్కడ అయింది. ఊళ్ళోకు వెళ్ళాకే కాలింది. షెడ్డులోకి వెళ్ళి అట్ట లేని పుస్తకం మొదటి పేజీ, గోడ గురించి రాసిన పేజీ, మళ్ళీ చదివాను. మీటరు తీసి మా గోడ ప్లగ్గులో పెట్టాను. మాది లైను చివరి ఇల్లు. రెండువందల వోల్టుల దగ్గర అటూ ఇటూ ఊగుతోంది, రావలసింది రెండువందల ముప్పై.

క్రిస్మస్‌కు ముందు కాక ట్రాలీ తెచ్చాడు. మీటరు, సోల్డరింగ్ ఐరన్ సంచిలో వేసుకుని, బాక్సుతోపాటు నేనూ వస్తానన్నాను. అమ్మ కట్టె కూడా ఎక్కించబోయింది, వద్దన్నాను. దారంతా కాక మాట్లాడుతూనే ఉన్నాడు, నేను ఊ కొడుతూ కూర్చున్నాను. కొత్త బాక్సుల్లో గిటారు కడిగిన గిన్నె లెక్క మోగుతుందట, ఈ బాక్సులో మనిషి గొంతు లెక్క వస్తుందట. ములకలపల్లి దాటాక టేకు చెట్లు, వాటి పక్కనే వరసగా కొత్త పామాయిల్ తోటలు. ఇదంతా ఇదివరకు జొన్న, పత్తి అని చేత్తో చూపించాడు. తోటల్లో బోర్లు పోస్తున్న చప్పుడు వినిపించింది.

చర్చి ఒక పొడుగాటి గది, మీద రేకులు. పాటలు ప్రాక్టీసు చేయడానికి వచ్చినవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి కొందరు తమ భాషలో ఏదో అనుకున్నారు. కోయ భాష నాకు రాదు, అర్థం కాకపోవడం అప్పుడు హాయిగా అనిపించింది. కాక ప్లగ్గు పెట్టబోతుంటే ఆగమని చెయ్యి చూపించి, మీటరు పుల్లలు గోడలో పెట్టాను. రెండువందల నలభై దాటింది. మళ్ళీ పెట్టి చూశాను, అంతే.

బాక్సు వెనక కరెంటు ఎంచుకునే బిళ్ళ ఒకటి ఉంటుంది. రెండువందలు, రెండువందల ఇరవై, రెండువందల నలభై. ఊళ్ళో ఎంత వస్తే బిళ్ళ అక్కడ పెట్టాలి. బిళ్ళ రెండువందల నలభై మీదే ఉంది. బయటి నుంచి చూస్తే అంతా సరిగానే ఉంది. నేను చాప మీద కూర్చుని వెనక రేకు విప్పాను. కరెంటు వచ్చే వైరును వేలితో పట్టుకుని వెళ్ళాను. అది బిళ్ళ దాకా పోలేదు. బిళ్ళ లోపలి పట్టీలు ఎప్పుడో కాలిపోయి నల్లగా ఉన్నాయి. వైరు దాన్ని తప్పించుకుని నేరుగా బాక్సులోని ట్రాన్స్‌ఫార్మర్ మీదకు, రెండువందలు అని ఉన్న కాలికి వెళ్ళి అతికి ఉంది. అతుకు మీద సైకిలు రబ్బరు.

ఆ రబ్బరును షెడ్డులో చూశాను. చూసి దాటేశాను.

నా వేలు ఆ రబ్బరు మీదే ఉంది. పాస్టరు గారు వంగి, ఏమైందమ్మా అని అడిగారు. చాపల మీదివాళ్ళు ఇటు తిరిగారు. అంతమంది ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. తల ఎత్తకుండా, వైరును చూస్తూ చెప్పాను.

"ఇది మా నాన్న అతికిందే. ఇక్కడ కరెంటు తక్కువ వచ్చేటప్పుడు అతికిండు. ఇప్పుడు ఎక్కువ వస్తున్నది. అందుకే వాల్వులు కాలుతున్నయ్. వాల్వులు మంచియే."

 కాక వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు కాదు, తలుపు బయట కరెంటు స్తంభాల వైపు చూస్తున్నాడు.

"అప్పట్ల ఈడ బల్బు ఎలుగుతే లోపలి తీగ కనవడేది" అన్నాడు, నాతోనో పాస్టరు గారితోనో. "ఈ బాక్సు మొత్తుకున్నా ఇనవడకపోయేది. అన్న వచ్చి ఏదో చేసిండు, గప్పటి సంది మంచిగ మోగింది. తర్వాత తోటల బోర్లకని కొత్త లైను ఏసిండ్రు, చర్చి పక్కకే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిండ్రు." చెయ్యి ఎత్తి బయటి స్తంభం వైపు చూపించాడు. "గా ఏడాదే బాక్సుకు జరం మొదలైంది."

మా దగ్గర మైక్ సెట్ వాళ్ళందరూ చేసే పనే అది. ఊళ్ళో కరెంటు తక్కువ కాబట్టి సెట్టును తక్కువకు అతికేయడం. మళ్ళీ ఎక్కువ వస్తుందని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. నాన్న మరిచిపోయాడో, ఆ ఊరి కరెంటు ఇప్పటికీ అంతే అనుకున్నాడో నాకు తెలియదు. మా ఇంటి గోడలో రెండువందలే వచ్చేది కాబట్టి ఆయన దగ్గర ఎప్పుడూ తప్పు కనిపించలేదు.

"అయితే అన్న తప్పేం లేదు బిడ్డా" అన్నాడు కాక.

"ఉన్నది" అన్నాను. "అతికింది ఆయనే. కానీ మీ వాల్వులు ఆయన తీసుకోలే."

ఆ రెండో మాట అందరికీ వినిపించేలా అనాలని అనుకున్నాను. వినిపించిందో లేదో తెలియదు. ముందు వరసలో ఒక ముసలామె తల ఊపింది. పాస్టరు గారు దాన్నే కొంచెం పెద్దగా మళ్ళీ అందరికీ చెప్పారు.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కే దాకా ఆగి, అతుకు విప్పడానికి కూర్చున్నాను. తొందరగా ఊడలేదు. ఐరన్ పెట్టి పట్టుకుంటే లెడ్డు మెల్లగా మెరిసేది, వైరు మాత్రం కాలికి చుట్టి ఉంది, అతికేముందు గట్టిగా మెలివేశాడు. ప్రతి పుస్తకంలోనూ అలాగే చేయమని ఉంటుంది, చేసేవాళ్ళు తక్కువ. మెలి విప్పి, వైరును రెండువందల నలభై కాలికి తెచ్చి, మళ్ళీ మెలివేసి అతికాను. రబ్బరు ముక్క పగిలిపోయింది. జేబులో పెట్టుకుని వచ్చిన కొత్తది తొడిగాను.

ప్లగ్గు పెట్టారు. వాల్వులు వెలిగాయి. నేను వాల్వుల్లోని రేకుల వంక చూస్తూ కూర్చున్నాను, నల్లగానే ఉన్నాయి. కాక గిటారు తగిలించి ఒక్కసారి మీటి, చెయ్యి తీసి విన్నాడు. తరవాత పాట మొదలుపెట్టారు. నాకు సంతోషం వస్తుందేమోనని చూశాను. రాలేదు. వాల్వుల దగ్గర పెట్టిన చేతికి వెచ్చగా తగిలింది, అది మాత్రం తెలిసింది. పాటలు అయిపోయేదాకా రేకులు ఎర్రబడలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ షెడ్డు గడపలో ఉంది, ఒళ్ళో చాట. నేను లేకపోయినా అక్కడే కూర్చుంది. జరిగింది చెప్పాను. కాక ఏమన్నాడో, పాస్టరు గారు ఏమన్నారో, ముసలామె తల ఊపిందని కూడా చెప్పాను. అమ్మ వింటూ బియ్యం ఏరుతోంది. చివరకు అడిగింది.

"మీ నాయన చేతిదేనా?"

"అవ్."

"మంచిగ అతికిండా?"

"మంచిగ అతికిండు. ఊడదీయనీకి శానాసేపు పట్టింది."

అమ్మ చేతిలో రాయిని పక్కకు వేసి, చాట కొంచెం జరిపి, గడప మీద నాకు చోటిచ్చింది.